చార్జీ కట్టేది మనం, చార్జి ఎవరి చేతిలో?

"కరెంటు చార్జీలు పెంచీసినారని ధర్నాకి ఎల్తే లాఠీచార్జి చేసి, మళ్లీ మా మీదే చార్జిషీటు పెట్టీసినారు. దెబ్బలు తగిలినోళ్లు ఆస్పత్రిలో చేరి మూడ్రోజులకి డిశ్చార్జి అయినారు. అడుగుదామంటే ఆఫీసులో ఆఫీసరు లేడు, ఇన్‌చార్జే ఉన్నాడు."

ఇలాంటి మాట గాజువాకలోనో కంచరపాలెంలోనో ఏ టీ బడ్డీ దగ్గరైనా వినపడతాది. విన్నవాళ్లెవరూ "అంటే ఏటి?" అని అడగరు. కానీ లెక్కపెట్టి చూడండి. ఒకే ఇంగ్లీషు మాట అయిదుసార్లు వచ్చింది, అయిదుసార్లూ వేరే అర్థంతో వచ్చింది. మొదటిది డబ్బు, రెండోది దెబ్బ, మూడోది నేరం, నాలుగోది విడుదల, అయిదోది పెత్తనం. ఇన్ని పనులు ఒకే మాట ఎలా చేస్తోంది? ఇందులో మన జీవితానికి సంబంధించింది ఏమన్నా ఉందా? ఉందనే నేను ఇది రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లు గాజువాక వైపు పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పాను. ఎక్కువమంది ప్లాంట్‌లో, పోర్టులో పనిచేసేవాళ్ల పిల్లలే. వాళ్లకి ఈ మాట పుస్తకంలో కనపడకముందే ఇంట్లో వినపడతాది. ఒకసారి ఒక పిల్లాడు అడిగాడు: "మేస్టారూ, మా నాన్న ఫర్నేస్‌లో చార్జింగ్ చేస్తాడంట. ఫర్నేస్‌కి బ్యాటరీ ఉంటాదా?" అందరూ నవ్వారు గానీ, అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి, ఎడ్లబండి దాకా ఎల్లాలి.

బండి మీద బరువు

లాటిన్‌లో "కార్రుస్" అంటే బండి. దాని నుంచి "కర్రికారే" అన్న మాట పుట్టింది. అంటే బండికి సరుకు ఎత్తడం. అది ఫ్రెంచిలో "షార్జే" అయింది, అక్కణ్ణుంచి ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఇంగ్లీషులోకి వచ్చి "చార్జ్" అయింది. అసలు అర్థం ఒకటే: బరువు ఎత్తడం. మన రోడ్డు మీద తిరిగే "కారు"కీ అదే మూలం. పోర్టులో మనం రోజూ అనే "కార్గో" కూడా ఆ ఇంటిదే, కాకపోతే స్పానిష్ వాళ్ల వీధిలోంచి వచ్చింది. అంటే ఓడలో కార్గో, రోడ్డు మీద కారు, బస్సు టిక్కెట్టు చార్జీ, ముగ్గురూ ఒక్క తల్లి పిల్లలు.

ఇది పట్టుకుంటే మిగతావన్నీ దారిలోకి వస్తాయి. జేబు మీద పడే బరువు చార్జీ. నెత్తి మీద పెట్టిన బాధ్యత ఇన్‌చార్జి. మన మీద మోపిన నేరం చార్జి. తెలుగులో కూడా మనం "నేరం మోపారు", "భారం మోపారు", "పన్నుల మోత" అనే అంటాం. బరువు మాటతోనే ఇవన్నీ చెప్పుకోవడం ఇంగ్లీషోడికీ మనకీ ఒకటే.

ఇంకో తమాషా ఉంది. మన రాతలో ఈ మాట రెండుగా చీలింది. డబ్బయితే దీర్ఘం పెట్టి "చార్జీ" అంటాం, బహువచనంలో "చార్జీలు". పెత్తనం, దెబ్బ, నేరం అయితే పొట్టిగా "చార్జి" అంటాం: ఇన్‌చార్జి, లాఠీచార్జి, చార్జిషీటు. ఎవరూ నియమం పెట్టలేదు, వాడకంలో అదే కుదురుకుంది. కొందరు "ఛ" ఒత్తి రాస్తారు గానీ ఇంగ్లీషులో ఆ ఒత్తు లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం పెద్దోళ్లు ఒత్తూ లేకుండా చకారమూ లేకుండా "సార్జీ" అంటారు. "సదువు", "సెప్పు" అన్నట్టే. అది తప్పు పలకడం కాదు, మాటని మన నోటికి సరిపడా దిద్దుకోవడం.

డబ్బు అయిన చార్జీ

ఇంగ్లీషువాళ్లు బస్సు టిక్కెట్టు డబ్బుని "ఫేర్" అంటారు. బస్సు చార్జీ అన్నది మన వాడకం. దీనికి మనకి సొంత మాటలు లేక కాదు. పడవ దాటించినందుకు ఇచ్చే డబ్బుని "కేవు" అనేవారు. బండికైతే కిరాయి, సరుకుకైతే సుంకం, ఆఫీసులో కాగితానికి రుసుము, మనిషి కష్టానికి కూలి. ఒక్కో పనికి ఒక్కో మాట ఉండేది, వింటేనే ఎందుకు ఇస్తున్నామో తెలిసేది. ఇప్పుడన్నిటికీ చార్జీ ఒక్కటే. ఎందుకు కడుతున్నామన్నది ఆ మాటలో లేదు, కట్టాలన్నది మాత్రమే ఉంది.

కరెంటు బిల్లు తీసి చూడండి. వాడిన యూనిట్లకి ఎనర్జీ చార్జి ఒకటి. వాడినా వాడకపోయినా ఫిక్స్‌డ్ చార్జి ఒకటి. ఇవి కాకుండా ట్రూ-అప్ అనీ, ఇంధన సర్దుబాటు అనీ ఎప్పుడో వాడిన కరెంటుకి ఇప్పుడు పడేవి. డిస్కం బయట కరెంటు ఎక్కువ రేటుకి కొంటే ఆ తేడా తర్వాత మన బిల్లులోకి దిగుతాది. అప్పటికి ఆ ఇంట్లో అద్దెకున్నవాడు ఖాళీ చేసి ఎల్లిపోయుంటాడు. కొత్తగా వచ్చినవాడు పాతవాడి కరెంటుకి కట్టాలి. ఇక్కడ చార్జీ అంటే అచ్చంగా పాత అర్థమే: ఎవరి బండి దగ్గరగా ఉంటే వాడి బండికి ఎత్తడం.

పోర్టులో కూడా ఇంతే. ఓడ బెర్తులో ఉన్నందుకు బెర్త్ హైర్, లోపలికి దారి చూపించినందుకు పైలటేజి, సరుకు రేవు దాటినందుకు వార్ఫేజి, టైముకి సరుకు తియ్యకపోతే డెమరేజి. పేర్లు వేరువేరు, అన్నీ పోర్టు చార్జీలే. కాకపోతే అక్కడ ఏ చార్జీ ఎందుకో, ఎంతో రాసి ఉంటాది. షిప్పింగ్ ఏజెంటు లైను లైనూ చూసుకునే కడతాడు. సామాన్యుడి బిల్లుకి మాత్రం ఆ వివరం నోరు తిరగని పేర్లలో ఉంటాది.

ఫర్నేస్ ఆకలి

ఇప్పుడా పిల్లాడి ప్రశ్నకి వద్దాం. ఫర్నేస్‌లో చార్జింగ్ అంటే కొలిమికి మేత వెయ్యడం. బ్లాస్ట్ ఫర్నేస్‌కి పై నుంచి ఒక పొర కోక్, ఒక పొర ఇనప ఖనిజం, సింటర్, సున్నపురాయి వేస్తూనే ఉంటారు. ఆ వేసే సరుకుకే చార్జి అని పేరు. కింద నుంచి వేడిగాలి ఊదుతారు. సరుకు మెల్లిగా కిందకి దిగుతూ కరుగుతాది. కొన్ని గంటల తర్వాత అడుగున దాదాపు 1500 డిగ్రీల వేడితో ద్రవ ఇనుము వస్తాది. కోక్ ఓవెన్లలో అయితే పైన పట్టాల మీద ఒక యంత్రం అటూ ఇటూ తిరుగుతూ ఓవెన్లలో బొగ్గు నింపుతాది. దాని పేరు చార్జింగ్ కారు. లాటిన్ బండి రెండుసార్లూ ఒకే పేరులో దొరికిందన్నమాట. ఆ ఓవెన్ల వరసని బ్యాటరీ అంటారు, మన ప్లాంట్‌లో ఒక్కో బ్యాటరీకి 67 ఓవెన్లు. కాబట్టి ఆ పిల్లాడు అడిగింది సగం నిజమే. ఫర్నేస్‌కి బ్యాటరీ లేదు గానీ పక్కనే బ్యాటరీ ఉంది, దానికీ చార్జింగ్ ఉంది.

ఈ చార్జిలోనే మన ఊరి పెద్ద కథ ఉంది. పోరాడి తెచ్చుకున్న ప్లాంట్ ఇది. 1966లో ఉద్యమం, నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు, రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు, 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1990లో గోదావరి ఫర్నేస్ వెలగడం. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు ఫర్నేసులు, ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యం. కానీ ఆ మూడు నోళ్లకీ చార్జి ఎక్కణ్ణుంచి రావాలి? జగ్గయ్యపేటలో సున్నపురాయి, మాదారంలో డోలమైటు, గర్భాంలో మాంగనీసు సొంతంగా ఉన్నాయి. అసలైన ఇనప ఖనిజానికి మాత్రం సొంత గని లేదు. బైలడిల్లా నుంచి ఎన్‌ఎండీసీ అమ్మితే కేకే లైన్లో రావాలి. కోకింగ్ బొగ్గు ఓడల్లో విదేశాల నుంచి రావాలి. టన్ను ఇనుముకి సుమారు టన్నున్నర పైగా ఖనిజం, దాదాపు అర టన్ను కోక్ కావాలి. సొంత గనులున్న కంపెనీ తవ్వకం ఖర్చుతో తెచ్చుకునే సరుకుని ఈ ప్లాంట్ బజారు రేటుకి కొనుక్కుంటాది.

అందువల్ల ఏటయింది? 2024లో మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచిన రోజులు వచ్చాయి. ఫర్నేస్ అంటే ఇంట్లో గ్యాస్ పొయ్యి కాదు, తిప్పి కట్టీసి మళ్లీ వెలిగించుకోడానికి. ఆపితే లోపల గడ్డకట్టే ప్రమాదం, మళ్లీ లేపడానికి రోజుల తరబడి కష్టం. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ నూరు శాతం అమ్మకానికి ఒప్పుకున్నప్పుడు, నష్టాలొస్తున్నాయి కాబట్టి అన్నారు. కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్న కార్మికులు అడిగింది ఒకటే: చార్జి లేకుండా ఫర్నేస్ లాభం ఎలా ఇస్తాది? 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. అందులో 10,300 కోట్లు వాటా పెట్టుబడి. మంచిదే. అప్పులు తీరడానికి, ఊపిరి తీసుకోడానికి పనికొస్తాది. కానీ ప్యాకేజీ డబ్బు ఒకసారి పడే చార్జి. గని అయితే రోజూ పడే చార్జి. ఈ రెండూ ఒకటి కాదు.

తుపాకీ నుంచి సెల్లు దాకా

సరుకు నింపడం నుంచే తుపాకీలో మందు నింపడం వచ్చింది. ఒకసారి కూరిన మందుగుండుని చార్జి అన్నారు. మన బీచిలో దానికి గుర్తుంది. 1971 డిసెంబరు మొదటి వారంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జిల వల్లే మునిగిందని మన నేవీ చెప్పే మాట, దాని లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ చెప్పే మాట. డెప్త్ చార్జి అంటే నీళ్లలో అంత లోతుకి దిగి పేలే మందు డ్రమ్ము.

తుపాకీ నుంచి కరెంటుకి ఎల్లడానికి అమెరికా బెంజమిన్ ఫ్రాంక్లిన్ కారణం. 1740ల్లో ఆయన గాజు జాడీల్లో కరెంటు నింపి ప్రయోగాలు చేస్తూ, జాడీని "చార్జి" చెయ్యడం గురించి రాశాడు. వరసగా పెట్టిన జాడీలకి "బ్యాటరీ" అని పేరు పెట్టాడు. ఫిరంగుల వరసని అప్పటికే అలా అనేవారు. అలా ఈ రెండు మాటలూ యుద్ధం నుంచి మన సెల్లులోకి వచ్చాయి. ఆర్కే బీచిలో ఉన్న ఐఎన్ఎస్ కుర్సురాలో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే ఉండేవి. ఒక పక్క టార్పెడోలు, ఇంకో పక్క డీజిల్ ఇంజన్ నడిపి చార్జి చేసుకునే బ్యాటరీలు. నీళ్ల కింద నడవాలంటే ఆ బ్యాటరీలే దిక్కు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధి చివర ఒకాయన జనరేటరు పెట్టి సెల్లుకి పదేసి రూపాయలు తీసుకున్నాడు. చార్జింగ్‌కి చార్జీ. బయటి ఊళ్లో పిల్లలున్న ముసలోళ్లు ఆ పదీ ఇచ్చి క్యూలో నించున్నారు, బతికే ఉన్నామని ఒక్క ఫోను చెప్పుకోడానికి. అక్కడ ఆ మాటలోని డబ్బూ, బలమూ ఒకచోట కనపడ్డాయి నాకు.

లాఠీ, షీటు, స్టేషను

మందు కూరిన ఆయుధంతో మీదపడటం నుంచి "దాడి చెయ్యడం" అన్న అర్థం వచ్చింది. గుర్రాల దళం శత్రువు మీదకి ఉరికితే అది చార్జ్. ఆ సైన్యం మాటకి మన లాఠీని తగిలించి లాఠీచార్జి చేశారు. ఈ జోడీ మాట ఇండియాలోనే పుట్టింది. యుద్ధంలో అయితే ఎదటోడి చేతిలో కూడా ఆయుధం ఉంటాది. లాఠీచార్జిలో ఎదటోడి చేతిలో ప్లకార్డు ఉంటాది. అంత తేడా ఉన్నా మాట మాత్రం అదే ఉండిపోయింది.

డబ్బు చార్జీ ఆయుధం చార్జిగా మారిన రోజు మన రాష్ట్ర చరిత్రలో ఉంది. 2000లో కరెంటు చార్జీలు పెంచితే ఉద్యమం లేచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఊరేగింపు మీద లాఠీచార్జి అయింది, తర్వాత కాల్పులయ్యాయి. ముగ్గురు చనిపోయారు. ఒక చార్జీని అడగబోతే ఇంకో చార్జి ఎదురైంది.

చట్టం ఈ గొలుసుని ఎలా కలిపిందో చూడండి. గుంపుని చెదరగొట్టమని ఆజ్ఞ ఇచ్చే అధికారం ఉన్నవాళ్లలో పోలీస్ స్టేషన్ "ఆఫీసర్ ఇన్‌చార్జి" ఒకరు. దర్యాప్తు ముగించి కోర్టుకి కాగితం పెట్టేదీ ఆ ఇన్‌చార్జే. మనం చార్జిషీటు అంటాం గానీ చట్టంలో దాని పేరు పోలీసు రిపోర్టు. ఇది 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 193వ సెక్షన్ కింద పెడతారు.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. చార్జిషీటు పడిందంటే నేరం రుజువైందని కాదు. అది పోలీసులు చెప్పే మాట. కోర్టు దాన్ని చదివి, ఆధారాలున్నాయనుకుంటే అప్పుడు చార్జి ఫ్రేమ్ చేస్తాది. లేవనుకుంటే ముద్దాయిని డిశ్చార్జి చేస్తాది. విచారణ ఆ తర్వాత. ఇంకో సంగతి, మనిషిని జైల్లో పెట్టి 60 రోజుల్లోపు, పెద్ద నేరాలకైతే 90 రోజుల్లోపు ఈ చార్జిషీటు పెట్టకపోతే, జామీను అడిగే హక్కు ఆ మనిషికి వస్తాది. ఇది తెలియక లోపలే ఉండిపోయే పేదోళ్లు ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

ప్లాంట్‌లో, పోర్టులో అయితే చార్జిషీటు అంటే పోలీసుది కాదు, మేనేజ్‌మెంటుది. నీ మీద ఈ ఆరోపణ ఉంది, జవాబు చెప్పు అని ఇచ్చే కాగితం. ఉద్యోగి జవాబు రాస్తాడు, ఎంక్వైరీ ఉంటాది, యూనియన్ పక్కన నించుంటాది. పర్మనెంటు వాళ్లు చార్జిషీటు అంటే భయపడతారు. కాంట్రాక్టు కార్మికుణ్ణి అడగండి, అదీ ఒక భాగ్యమే అంటాడు. అతని గేటు పాసు రెన్యువల్ కాదు, అంతే. ఏ నేరమని చెప్పరు, జవాబు అడగరు. చార్జి లేకుండానే శిక్ష. 2025లో స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టు కార్మికులు తొలగింపుల మీద సమ్మెకి దిగడం వెనక ఇదే ఉంది.

ఇన్‌చార్జి అంటే ఎవరు?

ఈ కుటుంబంలో అన్నిటికంటే గౌరవమైన మాట ఇన్‌చార్జి. అసలు అర్థం బరువు మోసేవాడు. మన వాడకంలో ఇది రెండు దారులు పట్టింది. ఒకటి, సొంత ఆఫీసరు లేనప్పుడు ఇంకో సీటు ఆఫీసరుకి అప్పజెప్పడం. కాగితాల్లో ఎఫ్ఏసీ అంటారు, ఫుల్ అడిషనల్ చార్జి. రెండోది, ఇన్‌చార్జి మంత్రి, నియోజకవర్గం ఇన్‌చార్జి లాంటివి. నియోజకవర్గం ఇన్‌చార్జికి చట్టంలో ఏ పదవీ ఉండదు, కానీ బదిలీల దగ్గర్నుంచి పింఛన్ల దాకా ఆయన మాట నడుస్తాది.

రెండిట్లోనూ ఒకటే చిక్కు. పెత్తనం ఉంటాది, బరువు ఉండదు. అదనపు చార్జి ఆఫీసరుని అడిగితే "నేను ఇన్‌చార్జినే కదా, రెగ్యులర్ వచ్చాక చూద్దాం" అంటాడు. "చార్జి" అంటే బరువు, "ఇన్‌చార్జి" అంటే ఆ బరువు లేనివాడు అన్నట్టయిపోయింది. వేల కోట్ల అప్పుతో ప్లాంట్ ఊగిసలాడుతున్న 2024-25లో సీఎండీ కుర్చీ కూడా కొన్నాళ్లు వేరే ప్రభుత్వ సంస్థ అధిపతికి అదనపు చార్జిగానే ఉంది. ఆ మనిషి సమర్థుడా కాదా అన్నది కాదు నా మాట. అంత బరువు అదనంగా మోసేది కాదు.

దీని ధర ఎంతో 2020 మే 7 తెల్లారుజామున ఆర్ఆర్ వెంకటాపురం చూసింది. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది పోయారు. సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది. ఆ రాత్రి ఎవరో ఒకరు ఇన్‌చార్జి ఉండే ఉంటారు. ఇన్‌చార్జి ఉండటం, చార్జి తీసుకోవడం వేరువేరని ఊరికి ఆ వాసనతో తెలిసింది.

దించడం కూడా చార్జే

"డిశ్" తగిలిస్తే బరువు దించడం. ఆస్పత్రి నుంచి రోగి డిశ్చార్జి, కేసు నుంచి ముద్దాయి డిశ్చార్జి, ఓడ నుంచి బొగ్గు డిశ్చార్జి. సెల్లు డిశ్చార్జి అయితే మాత్రం మనకి కంగారు. ఇంకో డిశ్చార్జి ఉంది, ఫ్యాక్టరీలు పైపుల్లో సముద్రంలోకి వదిలే నీళ్లు. వదిలేవాడికి అది బరువు దించుకోవడమే. తీరంలో జాలరోళ్ల వలకి అది బరువు ఎక్కడం. ఒకడి డిశ్చార్జి ఇంకొకడికి చార్జి. బరువు మాయమవదు, బండి మారుతాది.

అందుకే ఈ మాట వినపడ్డప్పుడల్లా నేను పిల్లలకి చెప్పింది మీకూ చెప్తాను. చార్జి అంటే బరువు. బరువంటే మూడు ప్రశ్నలుంటాయి: ఎంత, ఎవరు ఎత్తారు, ఎవరి మీద పెట్టారు. బస్సు టిక్కెట్టుకి ఈ మూడూ అక్కర్లేదు. కరెంటు బిల్లుకి, చార్జిషీటుకి, ఇన్‌చార్జి ఆఫీసరుకి, ఖాళీ ఫర్నేస్‌కి మాత్రం తప్పకుండా అడగాలి. ఏ ఊరైనా బరువు మోస్తాది. మన ఊరు ఇనుమూ, బొగ్గూ, ఓడలూ అన్నీ మోసింది. మోసేవాడికి ఎంత మోస్తున్నాడో, ఎవరికోసం మోస్తున్నాడో తెలియాలి. ఆ లెక్క చెప్పాల్సిన చార్జి పై కుర్చీలో కూర్చున్నవాళ్లదే.